టైల్స్ వద్దు, గడ్డి నడుమ మొరం తొవ్వ చాలు

సంపాదకులు గారికి,

నమస్కారం. కాజీపేటలో రైలు పట్టాల నిర్వహణ విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విరమణ పొందిన నేను, వైద్యుడి సలహా మీద యాభై ఆరో ఏట మొదలుపెట్టిన ఉదయపు పరుగును ఇప్పటికీ మానలేదు. పరుగు అంటే పందెపు పరుగు కాదు; పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా ముచ్చటిస్తూ సాగగలిగినంత నెమ్మది పరుగు. చాలా ఏళ్లపాటు నేను పరుగెత్తింది మా కాలనీ వెనుక, గుట్ట కింద మిగిలిన ప్రభుత్వ బీడు భూమిలో, పశువులూ మనుషులూ నడిచి నడిచి పడిన మట్టి తొవ్వ మీద. రెండేళ్ల కిందట ఆ భూమిని అభివృద్ధి చేశారు.

జేసీబీ వచ్చి రెండు రోజుల్లో గడ్డినంతా చెక్కేసింది. దాని స్థానంలో ఇంటర్‌లాకింగ్ టైల్స్‌తో 500 మీటర్ల వాకింగ్ ట్రాక్, రోజూ నీళ్లు పెడితే తప్ప బతకని లాన్, రాత్రంతా వెలిగే దీపాలు, గేటు పక్కన సిమెంటుతో చేసిన జిరాఫీ ఒకటి వచ్చాయి. మంచి ఉద్దేశంతోనే చేశారని నమ్ముతున్నాను. జిరాఫీ దగ్గర పిల్లలు ఫొటోలు దిగుతున్నారు కూడా. అయితే మరుసటి వానాకాలానికే కింది మట్టి కుంగి టైల్స్ అంచులు లేచాయి, వాటికి తట్టుకుని నాతోటి వారొకరు పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఇప్పుడు అక్కడికి వచ్చేవారిలో సగం మంది టైల్స్ మీద నడవడం లేదు. టైల్స్‌కూ ఇనుప కంచెకూ మధ్య మిగిలిన మూరెడు మట్టి మీదనే నడిచి నడిచి, లక్షలు పోసి కప్పేసిన తొవ్వను మళ్లీ తామే వేసుకున్నారు. ఏం కావాలో జనం కాళ్లతో చెప్పారని నాకు అనిపించింది.

జరిగినదాన్ని తిరగదోడాలని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడు పట్టణాలూ కలిసిపోయిన ఈ మహానగరంలో, గుట్టల పాదాల దగ్గరా, పెద్ద విద్యాసంస్థల ప్రాంగణాల్లోనూ, చెరువుల ఎగువనా ఇంకా కొన్ని గడ్డి భూములు మిగిలి ఉన్నాయి. వాటిలో కనీసం ఒకదానిని గడ్డి భూమిగానే ఉంచి, దాని గుండా ముసలివారు సైతం సులువుగా పరుగెత్తగల చదునైన మొరం తొవ్వ ఒకటి వేయమని మీ పత్రిక ద్వారా పాలకులను కోరుతున్నాను.

గడ్డి భూమి అనగానే ఖాళీ జాగా అనుకోవడం మనకు అలవాటైంది. నిజానికి మా బీడులో ఏ రెండు నెలలూ ఒక తీరుగా ఉండేవి కావు. మృగశిర జల్లులు పడ్డ వారానికే ఎండి రాలిన గరిక మొదళ్ల నుంచి పచ్చదనం పాకేది. ఆరుద్ర కార్తెలో ఎర్రని మఖమలు గుండీల్లాంటి ఆరుద్ర పురుగులు తొవ్వ మీదికి వచ్చేవి. వాటిని తొక్కకుండా పరుగెత్తడమే ఆ పది రోజులూ మాకు వ్యాయామం. తర్వాత గిజిగాళ్లు పొడవాటి గడ్డిపోచలను చీల్చి తీసుకుపోయి ఈత చెట్టు మట్టలకు గూళ్లు అల్లేవి. ఎండాకాలంలో తీతువు నేల మీదనే, నాలుగు రాళ్ల నడుమ, రాళ్ల రంగులోనే గుడ్లు పెట్టి, మేం దగ్గరికి పోతే తల మీదుగా అరుస్తూ తిరిగేది. ఆ గుడ్లను కాపాడడానికి ఆ చోట మా తొవ్వ రెండు గజాలు వంకర తిరిగింది. గుడ్లు పిల్లలై వెళ్లిపోయాక కూడా ఆ వంపు అలాగే ఉండిపోయింది.

భాద్రపదం వచ్చేసరికి గునుగు తెల్లగా, గులాబీ రంగు మొనలతో, మోకాలెత్తున నిలిచేది. గుట్ట వైపు తంగేడు పసుపు పచ్చగా విరగబూసేది. ఎంగిలిపూల బతుకమ్మకు ముందు రోజు ఆడవాళ్లూ పిల్లలూ సంచులు పట్టుకుని అక్కడికే వచ్చేవారు. ఇప్పుడు అదే గునుగును వారు బజారులో కట్టల లెక్కన కొంటున్నారు. గునుగు ఏటేటా గింజ నుంచి మొలిచే మొక్క. నేలను ఒకసారి చెక్కి టైల్స్ పరిస్తే మరుసటి ఏడు అది రాదు. తంగేడును మన రాష్ట్ర పుష్పంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించుకున్నాం. ఈ మూడూ దట్టమైన అడవికి చెందినవి కావు, ఎండ పడే బయలు నేలకు చెందినవి. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరి బయటికి పోయే ఆచారం ఇంకా ఉంది కానీ, పురుగులను పట్టుకోవడానికి అది వాలే గడ్డి నేల ప్రతి ఏడూ ఇంకొంచెం దూరమవుతున్నది.

ఈ నేలకు మన భాషలో పేర్లు లేకపోలేదు. కంచె అన్నాం (ఇక్కడ ఆ మాటకు ఇనుప తీగల అడ్డు అని కాదు, మేత నేల అని అర్థం), బంచరాయి అన్నాం, బీడు అన్నాం. బంచరాయి అంటే ఊరి పశువుల మేతకు విడిచిన భూమి; దానికొక పని ఉందని ఆ మాటే చెబుతుంది. ప్రభుత్వ లెక్కల్లోకి వచ్చేసరికి పొదలున్న నేల దేశవ్యాప్తంగా బంజరు భూముల జాబితాలో చేరింది. బంజరు అని రాసిన తర్వాత దానికి దక్కేవి రెండే గతులు, భవనాలు కట్టడం లేదా గుంతలు తీసి మొక్కలు నాటడం. 2015లో మొదలైన హరితహారంలో రోడ్ల పక్కన నీడ పెరిగిన మాట నిజమే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ గడ్డి నేలలో వరుసగా చెట్లు నాటితే నీడ పెరిగి గునుగూ గరికా పోతాయి, వాటిని నమ్ముకున్న పిట్టలూ పోతాయి. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లి చెట్ల నరికివేత ఆగినప్పుడు, అందరూ చెట్ల గురించే మాట్లాడారు. ఆ ఊరి పేరులోనే ఉన్న కంచె అనే మాట గురించి ఎక్కువ మంది పట్టించుకోలేదు.

గడ్డి భూమి నడుమ పరుగు తొవ్వ ఎలా ఉంటుందో నేను కళ్లారా చూసింది అమెరికాలో. మా అమ్మాయి కుటుంబం ఇలినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్‌లో ఉంటుంది. వారి ఇంటికి దగ్గరలో స్ప్రింగ్‌బ్రూక్ ప్రెయిరీ అని 1,800 ఎకరాలకు పైబడిన గడ్డి మైదానం, నాలుగు వైపులా ఇళ్లు పెరిగినా అలాగే నిలిచి ఉంది. ప్రెయిరీ అంటే ఫ్రెంచి భాషలో పచ్చిక బయలు. ఒకప్పుడు ఇలినాయ్‌లో రెండు కోట్ల ఎకరాలకు పైగా ఇటువంటి నేల ఉండేది. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి అదే రాష్ట్రంలో తయారుచేసిన ఉక్కు నాగలి ఆ జిగురు నల్లమట్టిని సులువుగా తిరగేయడంతో, కొన్ని దశాబ్దాల్లోనే అది దాదాపు అంతా మొక్కజొన్న చేలుగా మారింది. మిగిలినది వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. పోగొట్టుకున్న తర్వాత విలువ తెలిసి, ఇప్పుడు గింజలు ఏరి తెచ్చి మళ్లీ విత్తి పెంచుతున్నారు. మనకింకా విత్తవలసిన అవసరం రాలేదు, ఉన్నదాన్ని చెక్కకుండా ఉంటే చాలు.

అక్కడి తొవ్వ మీద టైల్స్ లేవు. సన్నగా నలగ్గొట్టిన సున్నపురాయి పొడిని పరిచి రోలర్‌తో అణచిన బాట అది, ఎత్తుపల్లాలు లేకుండా గడ్డి నడుమ మెలికలు తిరుగుతూ పోతుంది. సెప్టెంబరులో ఇరువైపులా గడ్డి నా తలకు మించి పెరిగింది, గాలి వీస్తే అలలా వంగి లేస్తున్నది. తొవ్వ నడుమ దీపాలు లేవు. చీకటి పడ్డ తర్వాత ప్రవేశం లేదు. తొవ్వ అంచు వెంట మాత్రమే గడ్డిని పొట్టిగా కోసి, లోపల పిట్టలు గూళ్లు పెట్టే నెలల్లో కోత జోలికి పోరు. బరువు తగ్గాలనుకునే మధ్యవయసు వారూ, పిల్లల బండ్లు తోసుకుంటూ వచ్చే తల్లులూ, నావంటి వారూ అక్కడ పరుగెత్తుతారు. మూడు నెలలు పరుగెత్తినా నా మోకాలు ఒక్కరోజూ మొరాయించలేదు. అది మెత్తని నేల గుణమో, చల్లని గాలి గుణమో, మనవరాలి గుణమో తేల్చి చెప్పలేను.

ఆ ప్రాంతంలోనే నన్ను మరింత ఆకట్టుకున్న సంగతి ఇంకొకటి ఉంది. షికాగో నుంచి పడమటి శివార్లకు నడిచిన ఒక ఎలక్ట్రిక్ రైలు మార్గం 1957లో ప్రయాణికుల బండ్లనూ, తర్వాత రెండేళ్లకు సరుకు బండ్లనూ ఆపేసి మూతపడింది. ఖాళీ అయిన ఆ కట్టను అమ్మేసి రోడ్లకూ కట్టడాలకూ ఇచ్చేలోగా, దాన్ని నడక దారిగా మార్చాలని మే థీల్‌గార్డ్ వాట్స్ అనే వృక్షశాస్త్రవేత్త 1963లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక సంపాదకునికి ఒక ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం చదివిన వారు కూడి, స్వచ్ఛందంగా పొదలు కొట్టి, అధికారులను ఒప్పించి సాధించినదే ఈనాటి ఇలినాయ్ ప్రెయిరీ పాత్. దాని శాఖలన్నీ కలిపితే 100 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. రైలు కట్టల మీద బతికిన వాణ్ణి కాబట్టి, పట్టాలు తీసేసిన కట్ట మీద పరుగెత్తుతుంటే మొదట మనసు కలుక్కుమంది. ఏ గ్యాంగ్‌మన్ ఎన్ని ఎండల్లో ఆ కంకర సర్దాడో అనిపించింది. ఇవాళ మీకు ఈ ఉత్తరం రాసే ధైర్యం మాత్రం ఆవిడ ఉత్తరమే ఇచ్చింది.

అంతమాత్రాన అక్కడిదాన్ని తెచ్చి ఇక్కడ అతికించమని నేను అనను. వారి గడ్డి మంచులో ముడుచుకుని వసంతంలో లేస్తుంది, మన గడ్డి ఎండలో మాడి వానకు లేస్తుంది. పొదలు అల్లుకోకుండా వారు నిపుణుల పర్యవేక్షణలో మైదానాన్ని ముక్కలు ముక్కలుగా తగలబెడతారు. ఇళ్ల నడుమ, ఎండాకాలంలో 43, 44 డిగ్రీల వేడిలో ఇక్కడ ఆ పని తలపెట్టకూడదు. ఇక్కడ నిప్పు చేసే పనిని కొడవలీ గొర్రెలూ చేయగలవు. గింజ రాలిపోయిన తర్వాత, అంటే డిసెంబరు, జనవరి నెలల్లో గడ్డి కోసుకుపోవడానికి పశువులున్నవారికి అనుమతి ఇవ్వాలి. గొల్ల కురుమల మందలను వంతుల వారీగా ఒక్కో భాగంలో మేయనివ్వాలి. ఉదయం పరుగెత్తేవారి కోసం మందలను వెళ్లగొట్టే తొవ్వ నాకు వద్దు. ఆ భూమి మీద వారి హక్కు మాకన్నా పాతది. పీకి పారేయవలసినవి వేరే ఉన్నాయి: వయ్యారిభామ, సర్కారు తుమ్మ. సర్కారు తుమ్మను పైపైన నరికితే రెట్టింపు చిగురు వేస్తుంది కనుక వేరుతో సహా తవ్వి తీయాలి.

తొవ్వ లెక్క చాలా చిన్నది. 60 ఎకరాల నేల చతురస్రంగా ఉందనుకుంటే దాని చుట్టుకొలత సుమారు 2 కిలోమీటర్లు వస్తుంది. ఆ పొడవున 2 మీటర్ల వెడల్పుతో తొవ్వ వేస్తే అది ఆక్రమించేది 4,000 చదరపు మీటర్లు, అంటే ఒకే ఒక్క ఎకరం. మిగతా 59 ఎకరాలూ గడ్డికే ఉంటాయి. నెమ్మదిగా పరుగెత్తేవారికి రెండు చుట్లు సుమారు అరగంట పని. వేగంగా నడిచే స్థాయి శ్రమ వారానికి కనీసం 150 నిమిషాలు గానీ, పరుగు స్థాయి శ్రమ 75 నిమిషాలు గానీ పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ లెక్కన పరుగెత్తేవారికి మూడు ఉదయాలు చాలు, నడిచేవారికి ఐదారు ఉదయాలు పడతాయి. 500 మీటర్ల టైల్స్ ట్రాక్ మీద అదే దూరానికి ఎనిమిది చుట్లు తిరగాలి, గానుగెద్దుకైనా విసుగొస్తుంది.

పదిహేను సెంటీమీటర్ల మందాన మొరం పరచాలంటే 600 ఘనపు మీటర్లు కావాలి, టిప్పర్ల లెక్కలో యాభై అరవై లోడ్లు. దీని కోసం ఇంకో గుట్టను తొలిచేయకూడదు. నగరంలో వేరే పనులకు తవ్వి పోసిన మొరాన్నే వాడుకోవాలి. ఎర్ర చెలక నేల అయితే మొరం నేరుగా పరవవచ్చు. నల్లరేగడి అయితే మాత్రం తడిసి ఉబ్బి, ఎండి బీటలిచ్చి మొరాన్ని మింగేస్తుంది, దాని కింద గట్టి ఇసుక, గ్రావెల్ పొర తప్పనిసరి. రేగడి మీద వేసిన రైలు కట్టలతో కుస్తీ పట్టిన వారెవరినడిగినా ఈ మాటే చెబుతారు. తొవ్వ నడిమి భాగం అంచుల కన్నా మూడు సెంటీమీటర్లు ఎత్తుండేలా వంపు ఇచ్చి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పితే వాన నీళ్లు నిలవవు. పక్కకు జారిన నీటిని గడ్డి తాగుతుంది. సిమెంటు కాలువల అవసరమే లేదు. ఏటా వానాకాలం తర్వాత గుంతలు పడ్డ చోట నాలుగు తట్టల మొరం పోసి దిమ్మిసతో కొడితే తొవ్వ మళ్లీ కొత్తదవుతుంది. మట్టి నిలుస్తుందా అని సందేహించేవారు ఒకసారి వరంగల్ కోటకు వెళ్లి కాకతీయుల మట్టికట్టను చూడాలి. ఏడు వందల ఏళ్ల వానలను తట్టుకుని అది నేటికీ నిలిచి ఉన్నదంటే, దాన్ని కరిచి పట్టుకున్న గడ్డి వేళ్ల సాయం తక్కువేమీ కాదు. (ఆ కట్ట మీదనే తొవ్వ వేయమని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. వేల కాళ్లు రోజూ తొక్కితే అది అరుగుతుంది, దానిపై నిర్ణయం పురావస్తు శాఖది.)

పాముల మాట తప్పకుండా వస్తుంది. గడ్డిలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉంటాయి, లేవనడం అబద్ధం. అందుకే తొవ్వకు ఇరువైపులా ఒకటిన్నర మీటరు మేర గడ్డిని ఎప్పుడూ పొట్టిగా కోసి ఉంచాలి, తెల్లవారి వెలుతురు వచ్చిన తర్వాతే గేటు తీయాలి, సాయంత్రం మసక పడకముందే మూయాలి. తొవ్వ మీద ఏమున్నదో నాలుగడుగుల ముందే కనిపిస్తే మనిషీ పామూ ఎవరి దారిన వారు పోతారు. ఇన్నేళ్లలో మా బీడులో ఎవరినీ పాము కరవలేదు, కుక్కలు మాత్రం ఇద్దరిని కరిచాయి. దానికి కారణం గడ్డి కాదు, గేటు దగ్గర పారేసే మాంసం వ్యర్థాలు.

ఆడవారి భద్రత గురించిన ప్రశ్న ఇంతకన్నా పెద్దది. మా ఇంటి పక్కనుండే ఉపాధ్యాయురాలు ఒక మాట అన్నారు: సర్కారు తుమ్మ పొదల పక్కన నడవాలంటే భయం వేస్తుంది, బయలులో వేయదు, ఎందుకంటే ఎవరు వస్తున్నదీ దూరం నుంచే తెలుస్తుంది. మన గరికా గునుగూ నడుము దాటి పెరగవు. పొదలు తీసేసి, రెండు వైపులా గేట్లు పెట్టి, తెరిచి ఉన్నంతసేపు ఒక కావలి మనిషిని ఉంచితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ మన నగరంలో కాలనీలు నీట మునిగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. నాలాల ఆక్రమణల గురించి అప్పుడు చాలా రాశారు, అది అవసరమే. కానీ నాలాలోకి నీళ్లు రాకముందే కొంత తాగేసే నేల ఎగువన ఎంత మిగిలి ఉన్నదో కూడా చూడాలి. మా బీడులో గట్టి వాన కురిసినా గంటకు గానీ వీధిలోకి నీళ్లు వచ్చేవి కావు, ఇప్పుడు టైల్స్ మీది నుంచి పావుగంటలో వస్తున్నాయి. మరో సంగతి, కబ్జా చేసేవారి కళ్లు పడేది మనిషి తిరగని భూమి మీదే. రోజూ రెండు వందల మంది పరుగెత్తే భూమిలో రాత్రికి రాత్రి కడీలు పాతితే తెల్లవారి ఆరు గంటలకల్లా ఊరందరికీ తెలిసిపోతుంది.

కనుక మహానగర పాలక సంస్థ, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అటవీ, రెవెన్యూ శాఖలు కూర్చుని నగర పరిధిలో 60 ఎకరాలకు తగ్గని ఒక గడ్డి భూమిని గుర్తించాలని, రికార్డుల్లో దాన్ని బంజరు అని కాక గడ్డి భూమి అని రాయాలని, అక్కడ టెండరు పిలిచేముందు టైల్స్, లాన్, బొమ్మలు అనే పద్దులను కొట్టివేయాలని కోరుతున్నాను. పని మొదలుపెట్టడానికి సరైన సమయం గడ్డి గింజ రాలిన తర్వాత, వానలకు ముందు. తొవ్వ గీత ఎక్కడ వెళ్లాలో కాగితం మీద కాక నేల మీద నడిచి నిర్ణయించాలి. తీతువు గుడ్లున్న చోట వంపు తిప్పాలి, జమ్మి మొక్క అడ్డం వస్తే పక్కకు జరగాలి. ఇంజనీర్లు ఏ ఉదయం రమ్మన్నా ఆరు గంటలకు వస్తాను. గీత గీయడానికి సున్నం, కొలవడానికి టేపు, పాతడానికి మేకులు నేనే తెచ్చుకుంటాను. నాతోపాటు విరమణ పొందిన ముగ్గురు ట్రాక్ పనివారు కూడా వస్తామన్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత రైల్వే ఉద్యోగి,
కాజీపేట.